ఆరన్ముళ కన్నాడి: డబ్బు బిళ్ళకు పెట్టాలి, చట్రానికి కాదు

వెలుగుతున్న దీపాన్ని బీరువా అద్దం ముందు పెట్టి, కాస్త పక్కకు జరిగి ఏటవాలుగా చూడండి. అద్దంలో వత్తి రెండుగా కనిపిస్తుంది. గట్టిగా వెలిగేది గాజు వెనకున్న రసం పూత నుంచి వస్తోంది. దాని పక్కనే వెలిసిపోయినట్టుండేది గాజు పైముఖం నుంచి వస్తోంది. అదే దీపాన్ని ఆరన్ముళ కన్నాడి, అంటే కేరళలోని ఆరన్ముళ ఊళ్ళో చేసే లోహపు అద్దం, ముందు పెడితే ఒకటే వత్తి. ఎంత వాలుగా చూసినా ఒకటే. ఇందులో గాజూ లేదు, రసమూ లేదు. రాగి, తగరం కలిపి పోతపోసిన బిళ్ళను అద్దమయ్యేదాకా అరగదీస్తారు, అంతే.

ఆ ‘అంతే’కి వేలకు వేలు పోయొచ్చా, పోస్తే ఎలాంటి బిళ్ళకు పోయాలి అన్నది ఇక్కడ చూద్దాం.

తల దువ్వుకోవడానికీ బొట్టు దిద్దుకోవడానికీ అయితే ఇది వద్దు. మీద పడిన వెలుతురులో మూడింట రెండొంతులే ఈ లోహం తిప్పి పంపుతుంది. మంచి గాజు అద్దం పదింట తొమ్మిది వంతుల దాకా పంపుతుంది. ట్యూబ్‌లైటు కింద మొహం కాస్త మసకగా కనిపించిందంటే సరుకులో లోపం కాదు, లోహం తీరే అంత. ఖగోళశాస్త్రజ్ఞుడు విలియం హెర్షెల్ తన దూరదర్శినులకు వాడింది ఈ జాతి లోహమే. 1845లో ఐర్లండులో లార్డ్ రాస్ నిలబెట్టిన దూరదర్శినిలో ఆరడుగుల అద్దం కూడా ఇదే. చాలని వెలుతురు, ఊరికే మాసిపోయే ముఖం వాళ్ళనూ వేధించాయి. గాజు మీద వెండి పూత వేయడం కుదిరాక ఖగోళశాస్త్రజ్ఞులు దీన్ని వదిలేశారు. ఆరన్ముళ వదల్లేదు.

కొనదగ్గవాళ్ళు ఎవరంటే, పూజలో ‘దర్పణం దర్శయామి’ అని అక్షతలు వేసి సరిపెట్టకుండా నిజంగానే దర్పణం చూపించాలనుకునేవాళ్ళు. పెళ్ళికి పదికాలాలు నిలిచే కానుక ఇవ్వాలనుకునేవాళ్ళు. చేతిపని వస్తువును దగ్గరపెట్టుకుని తీరిగ్గా చూసుకునే అలవాటున్నవాళ్ళు. కేరళలో దీని స్థానం శుభకార్యాల్లో పెట్టే ఎనిమిది మంగళవస్తువుల అష్టమంగల్యంలోనూ, వాళ్ళ కొత్త సంవత్సరపు పండగ విషు నాడు పొద్దున్నే కళ్ళు తెరిచి చూసే మంగళవస్తువుల అమరిక ‘కణి’లోనూ ఉంది. పిడి తోకలా సాగి ఉండే చేతి అద్దాన్ని వాళ్ళు వాల్ కన్నాడి అంటారు.

ఊరు పత్తనంతిట్ట జిల్లాలో, పంపా నది ఒడ్డున ఉంది. చెంగన్నూరు స్టేషన్ నుంచి పది కిలోమీటర్ల దూరం. సికింద్రాబాద్ నుంచి వెళ్ళే శబరి ఎక్స్‌ప్రెస్ అక్కడ ఆగుతుంది కాబట్టి అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళలో చాలామంది ఈ ఊరి పక్కనుంచే వెళ్ళొస్తుంటారు. మండల పూజకు స్వామి తంగ అంకి (బంగారు తొడుగు) ఊరేగింపు బయల్దేరేది కూడా ఇక్కడి పార్థసారథి గుడినుంచే. తిరుగు ప్రయాణంలో సగం పూట కేటాయిస్తే చేసే చోటికే వెళ్ళి నాలుగైదు బిళ్ళలు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. ఫొటో చూసి ఆన్‌లైన్లో తెప్పించుకోవడం కంటే అదే మేలు. అద్దం ఫొటోలో కనిపించేది అద్దం కాదు, ఫొటో తీసిన గది.

లోహం పాళ్ళు కుటుంబ రహస్యమన్న మాట అమ్మే ప్రతిచోటా వినిపిస్తుంది. బిళ్ళల్ని పరీక్షించిన లోహశాస్త్రజ్ఞులు ఆ లెక్క ఎప్పుడో బయటపెట్టారు. నూటికి 32, 33 పాళ్ళు తగరం, మిగతాది రాగి. దాదాపు రెండుకు ఒకటి. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే తగరమే అది. ఖంగుమని మోగే కంచులో తగరం 20, 22 పాళ్ళ దగ్గర ఉంటుంది. ఇంకో పది పాళ్ళు పెరిగేసరికి పసుపు పోయి వెండి తెలుపు వస్తుంది, ఇత్తడి దరిదాపుల్లోకి రానంత గట్టిదనం వస్తుంది, వెంటే గాజులాంటి పెళుసుదనమూ వస్తుంది. గట్టిది కాబట్టి మెరుగు నిలుస్తుంది. పెళుసుది కాబట్టి గచ్చు మీద పడితే సొట్ట పోదు, ముక్కలవుతుంది.

పాళ్ళు తెలిసినంత మాత్రాన అద్దం చేతికి రాదు. రాగి 1085 డిగ్రీలకు కరుగుతుంది, తగరం 232కే కరుగుతుంది. కొలిమిలో తగరం కొంత గాలి తగిలి మాడి, తెట్టు కట్టి పోతుంది. తూకం వేసినప్పుడు సరిగ్గా ఉన్న లెక్క పోత పోసేటప్పటికి తప్పుతుంది. చిన్న ముక్క పోసి, చల్లారాక విరిచి, విరుపు రంగు చూసి దిద్దుకోవడం పాత పోతపని పద్ధతి. తగరం తగ్గితే అద్దంలో పసుపు ఛాయ నిలిచిపోతుంది. పెరిగితే బిళ్ళ సానమీదే పగులుతుంది.

అచ్చు దగ్గర అసలు తెలివి ఉంది. వరిచేల ఒండ్రుమట్టిలో పాత ఇంటి పెంకుల పొడి, గోనె పీచు కలిపి రెండు చదునైన మట్టి బిళ్ళలు చేస్తారు. వాటి మధ్య కొన్ని మిల్లీమీటర్ల సందు వదిలి చుట్టూ మట్టితో మూస్తారు. ఆ సందే రేపటి అద్దం మందం. పైన గరాటులా మూస కట్టి, అందులో లోహం ముక్కలు వేసి దాన్నీ మట్టితో కప్పేస్తారు. అంటే కరిగించే పాత్రా, పోసే అచ్చూ ఒకే ముద్ద. మూస కిందికి ఉండేలా కొలిమిలో పెట్టి, లోహం కరిగాక తలకిందులు చేస్తారు. కరిగిన లోహం బయటి గాలి సోకకుండా సందులోకి జారుతుంది. తర్వాత మెల్లగా చల్లారనివ్వాలి. తొందరపడితే కంటికి కనిపించని పగులు లోపల మిగిలి, మెరుగు పెట్టేటప్పుడు వెంట్రుకంత గీతలా బయటపడుతుంది. మట్టిలో తేమ మిగిలి ఉంటే ఆవిరి లోహంలోకి చొచ్చుకుని సూదిబెజ్జాలవుతాయి. మట్టి పగలగొట్టి తీసేదాకా బిళ్ళ ఎలా వచ్చిందో చేసినవాడికీ తెలియదు. వంకరపోతే మళ్ళీ మూసలోకే. 2018 ఆగస్టు వరదల్లో పంపా పొంగి పనిచోట్లలోకి నీళ్ళు వచ్చినప్పుడు ఎండబెట్టి ఉంచిన అచ్చులు కరిగిపోయాయి. మట్టితో మొదలయ్యే పనికి అంతకంటే పెద్ద దెబ్బ ఉండదు.

ఆ తర్వాత సానపని. బిళ్ళను లక్క, గుగ్గిలం లాంటి జిగురుతో చెక్కకు అతికించి ముందు చదును చేస్తారు. కాల్చిన మట్టి మెత్తని పొడిలో నూనె కలిపి, గోనెపట్ట మీద రుద్దుతారు. పిదప నూలుగుడ్డ, చివరికి ముఖమల్. చిన్న బిళ్ళకు కూడా రోజు గడుస్తుంది, పెద్దదానికి రోజులు పడతాయి. చేయి నొక్కే బరువు నడుమ ఒకలా, అంచున ఒకలా పడిందంటే అంచులు ఎక్కువ అరిగి కిందికి జారతాయి. మెత్తని గుడ్డ మీద మరీ ఎక్కువసేపు రుద్దినా అదే జరుగుతుంది. అలాంటి బిళ్ళ తళతళలాడుతూనే ఉంటుంది కానీ బొమ్మను సరిగా చూపించదు. కొనేవాళ్ళు మోసపోయేది ఇక్కడే. మెరుపు వేరు, చదును వేరు. మెరుపు తేలిగ్గా వస్తుంది. డబ్బు చదునుకు ఇవ్వాలి.

చదును చూడటానికి కిటికీ ఊచలు చాలు. అద్దాన్ని చేతిలో వాలుగా పట్టుకుని ఊచల ప్రతిబింబాన్ని ఒక అంచునుంచి రెండో అంచుదాకా మెల్లగా నడిపించండి. నడుమ నిటారుగా ఉన్న ఊచ అంచు దగ్గర విల్లులా వంగితే సానపని జారిందన్నమాట. దారిలో అల కదిలినట్టు వణికితే చదును చేసే దశలోనే తప్పు జరిగింది. రెండంగుళాల బిళ్ళలో అంచున అర సెంటీమీటరు వంపు ఉన్నా సర్దుకోవచ్చు. నాలుగంగుళాలు దాటిన బిళ్ళలో సర్దుకోనక్కర్లేదు, ఆ ధరకు ఊచ నిటారుగానే కనిపించాలి. తర్వాత ఫోన్ టార్చి పక్కనుంచి వేసి చూస్తే సూదిబెజ్జాలు నల్లచుక్కల్లా కనిపిస్తాయి. అంచు దగ్గర ఒకటీ అరా ఉంటే చేతిపోత గుర్తనుకుని వదిలేయొచ్చు. నడుమ ఉంటే మాత్రం వద్దు. ఆ బెజ్జంలో జిడ్డూ తేమా నిలిచి, కొన్నాళ్ళకు దాని చుట్టూ మసక వలయం మొదలవుతుంది.

ఇక అందరూ చేసి చూపించే వేలి పరీక్ష. వేలు ఆనిస్తే వేలికీ ప్రతిబింబానికీ మధ్య సందు ఉండకూడదంటారు. నిజమే. నాలుగు మిల్లీమీటర్ల గాజు అద్దంలో ఆ సందు అయిదు మిల్లీమీటర్లకు పైగా కనిపిస్తుంది, లోహపు అద్దంలో అసలు ఉండదు. కానీ ఈ పరీక్షలో తేలేది అది గాజు అద్దం కాదన్న సంగతి ఒక్కటే. మెరుగుపెట్టిన స్టీలు రేకు, క్రోమియం పూత వేసిన బిళ్ళ కూడా సందు లేకుండానే చూపిస్తాయి. పైగా వేలి చెమట బిళ్ళకు పడదు. వేలికి బదులు పోస్టుకార్డు మూల ఆనించండి.

స్టీలునూ క్రోమునూ పట్టించేది రంగు. ఒక తెల్లకాగితాన్ని అద్దంలో చూసి, వెంటనే నేరుగా చూడండి. అసలు బిళ్ళలో తెలుపు కాస్త వెచ్చగా, మీగడ ఛాయలో ఉంటుంది. ఈ లోహం నీలం కంటే ఎరుపును కొంచెం ఎక్కువగా తిప్పి పంపుతుంది కాబట్టి అలా వస్తుంది. క్రోము పూతలో తెలుపు నీలివైపు లాగుతుంది. మరీ పచ్చగా ఉందంటే అది మామూలు కంచుకు మెరుగు పెట్టిన సరుకు. బరువూ కొంత చెబుతుంది. నాలుగంగుళాల వ్యాసం, మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న బిళ్ళ ఒక్కటే 200 గ్రాములకు పైగా తూగాలి. అయితే చట్రంలో బిగించాక విడిగా తూయడం కుదరదు, స్టీలు బరువు కూడా ఇంచుమించు అంతే కాబట్టి దీన్నే నమ్ముకోకూడదు. నాణెంతో కొట్టి మోత వినే ప్రయత్నం అసలు చేయొద్దు.

2004-05లో ఈ అద్దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి సరుకుల్లో ఇదొకటి. తయారీదారుల సంఘం పేరు మీద నమోదైంది. ఆ ముద్ర ఉన్న పత్రం అడిగి తీసుకోవడం మంచిదే, కానీ ఆ ముద్ర సరుకు ఎక్కడిదో చెబుతుంది, చదునుగా ఉందో లేదో చెప్పదు. పత్రం చేతికి వచ్చాక కూడా కిటికీ దగ్గరికి వెళ్ళాల్సిందే.

చట్రం గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఇత్తడి. నెమలి, శంఖం, దీపపు సెమ్మె, వాల్ కన్నాడి ఆకారాల్లో వస్తుంది. ధర అడిగేటప్పుడు మాత్రం ఒక్కటి పట్టుకోండి, ‘ఎనిమిదంగుళాల పీసు’ అంటే ఎనిమిది అంగుళాలు దేనికి? చాలాసార్లు అది చట్రం ఎత్తు, లోపలి అద్దం రెండంగుళాలే ఉంటుంది. స్కేలు తీసి బిళ్ళ వ్యాసం కొలిచి, ఆ లెక్కనే ధరలు పోల్చండి. రెండంగుళాల నుంచి నాలుగంగుళాలకు వెళ్తే వైశాల్యం నాలుగింతలవుతుంది, చదును నిలపడం అంతకంటే కష్టమవుతుంది, అందుకే ధర కూడా రెట్టింపుతో ఆగదు. చిన్నవి వేలల్లో మొదలై, పెద్ద బిళ్ళలు లక్ష దాటతాయి. మూడంగుళాల బిళ్ళ, సాదా చట్రం తీసుకుంటే డబ్బు వృథా కాదు. నెమలి పింఛం నిండా రంగురాళ్ళు పొదిగిన రెండంగుళాల అద్దం కొంటే నెమలిని కొన్నట్టే.

కొని తెచ్చాక అద్దం పాడయ్యేది ఎక్కువగా మన ఇళ్ళలో, మన భక్తి వల్లే. పూజసామాను అనగానే గంధం, కుంకుమ బొట్లు పెట్టేస్తాం. బొట్టు చట్రానికి పెట్టండి, బిళ్ళకు వద్దు. తడి గంధం ఆరి ఊడేటప్పుడు అక్కడ గుండ్రటి మచ్చ మిగిలిపోతుంది. పండగ ముందురోజు చింతపండుతోనూ పీతాంబరితోనూ ఇత్తడి తోమే అలవాటు ఇంకా ప్రమాదం. చట్రం తళతళలాడుతుంది, పులుపు కారి బిళ్ళ అంచు తినేస్తుంది, పొడిలోని గరుకు ముఖం నిండా గీతలు పెడుతుంది. చట్రం తోమాలంటే బిళ్ళను పొడిగుడ్డతో కప్పి, పొడిగానే రుద్దాలి. కర్పూరం మసి, అగరుబత్తి జిడ్డు తగలనంత దూరంలో పెట్టాలి. హారతి పళ్ళెం పక్కన దీని చోటు కాదు.

రోజూ చేయాల్సిన పని చాలా తక్కువ. వాడనప్పుడు ముఖమల్ గుడ్డ కప్పండి. దుమ్ము పడితే ముందు మెత్తని కుంచెతో దులిపి, ఆ తర్వాతే తుడవండి. దుమ్ముమీదే గుడ్డతో రుద్దితే ఇసుక కాగితం పెట్టినట్టే. తుడిచేటప్పుడు ఒకే దిక్కుకు, నిలువుగానో అడ్డంగానో. గుండ్రంగా తిప్పితే ఎండపొద్దున సాలెగూడులాంటి గీతలు తేలతాయి. నీళ్ళు, కొలీన్, నోటి ఆవిరి వద్దు. వేలిముద్ర పడితే అప్పుడే పొడి నూలుగుడ్డతో తీసేయాలి, చెమటలోని ఉప్పు రెండు రోజులుంటే ముద్ర లోహంలోకి దిగుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్ళలో ఉప్పుగాలికి మెరుగు తొందరగా మాస్తుంది. అక్కడివాళ్ళు గాజు తలుపున్న అలమరలో, సిలికాజెల్ పొట్లంతో పెట్టుకుంటే మంచిది. హైదరాబాదులో అంత బాధ లేదు, వానాకాలం నాలుగు నెలలు జాగ్రత్త పడితే చాలు.

మాసిన బిళ్ళకు మళ్ళీ మెరుగు పెట్టించొచ్చు, కానీ చేసినవాళ్ళ చేతే పెట్టించాలి. వీధి చివర నగల మెరుగు అంగట్లో తిరిగే చక్రం కింద పెట్టించాలనిపిస్తుంది, పెట్టించకండి. చక్రం రాపిడికి బిళ్ళ ఒకచోటే వేడెక్కి పగలొచ్చు. పగలకపోయినా చదును పోతుంది. కొనేటప్పుడే మళ్ళీ మెరుగు పెట్టి ఇస్తారా, ఎంత తీసుకుంటారు, రానుపోను కొరియర్ ఎవరు భరించాలి అని అడిగి బిల్లు మీద రాయించుకోండి. కొన్నిచోట్ల గుడ్డతోపాటు మెరుగు పొడి కూడా చిన్న పొట్లంలో ఇస్తారు. అది ఏడాదికి ఒకసారి, చిటికెడు, బాగా మాసిన చోట మాత్రమే.

రైల్లో తెచ్చుకునేటప్పుడు బిళ్ళ ముఖం మీద శుభ్రమైన నూలుగుడ్డ, దానిపైన చట్రం అంచుల మీదే ఆనేలా అట్ట, ఆపైన బుడగల ప్లాస్టిక్. ప్లాస్టిక్ నేరుగా ముఖానికి తగిలితే లోపల చిక్కిన తేమ బుడగల అచ్చులే మచ్చలుగా దింపుతుంది. బెర్తు కిందికి తోసే సంచిలో కాకుండా చేతిసంచిలో, బట్టల మధ్య నిలువుగా పెట్టాలి. చెంగన్నూరు నుంచి కారులో వచ్చేవాళ్ళు ఎండలో కారు ఆపి భోజనానికి వెళ్ళేటప్పుడు అద్దాన్ని కూడా వెంట తీసుకెళ్ళాలి. బిళ్ళను చట్రంలో పట్టి ఉంచేది లక్క జిగురే, మూసిన కారు వేడికి అది మెత్తబడుతుంది. తిరిగొచ్చి తలుపు తీసేసరికి బిళ్ళ చట్రంలో ఒక పక్కకు జారి ఉంటుంది. అలా జారితే వేలితో నెట్టొద్దు. అద్దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, చల్లారాక చేసినవాళ్ళకే ఫోన్ చేయండి.